జాబితా పంపను, ఒక దర్శకుణ్ణి పంపుతాను

తెనాలి

చిరంజీవి మేనకోడలికి,


నీ మెసేజి చదివాను. బాపట్ల హాస్టల్లో నలుగురైదుగురు కలిసి శనివారం రాత్రుళ్ళు ప్రపంచ సినిమాలు చూడాలనుకుంటున్నారట, తప్పక చూడవలసిన వంద సినిమాల జాబితా రాసి పంపమన్నావు. అలాంటి జాబితా నా దగ్గర లేదు. నెట్ నిండా బోలెడున్నాయి గానీ వాటి జోలికి పోవద్దంటాను. ఈ వారం ఇటలీ, పై వారం స్వీడన్, ఆ పై వారం కొరియా అనుకుంటూ పోతే చివరికి మిగిలేవి పేర్లే. పెళ్ళి విందులో అన్నిట్లో ఒక్కో ముద్ద తిని లేచినవాణ్ణి ఏది బాగుందని అడిగితే తెల్లమొహం వేస్తాడు.

నేను చెప్పేది ఒకటే. ఒక దర్శకుణ్ణి పట్టుకో. ఆ మనిషి తీసినవాటిలో దొరికినన్ని, తీసిన వరసలోనే చూడు. బాగాలేనివి కూడా వదలొద్దు. మంచి సినిమాలో కంటపడని అలవాట్లు చెడిపోయిన సినిమాలో ఇట్టే బయటపడతాయి. ఆ దర్శకుడు అయ్యాక, ఇంకొకరి దగ్గరికి దారి ఆయనే చూపిస్తాడు.

మీ స్నేహితురాలు రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీతో మొదలెడదామంటోందని రాశావు. ఆయన తీసినవి ఏడే పెద్ద సినిమాలు, తొందరగా అయిపోతాయనుకుందేమో! కానీ అవి నెమ్మదిగా నడిచే సినిమాలు, రెండో శనివారానికి ఆ గదిలో నువ్వూ ఆ అమ్మాయీ మాత్రమే మిగులుతారు. ఆయన్ని తర్వాత చూద్దురుగాని. మొదలు మన ఊళ్ళోనే పెట్టండి.

నటి శారద తెనాలి అమ్మాయని మీ అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పే ఉంటుంది. ఉత్తమ నటిగా ఆవిడకి వచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో ఒక్కటే తెలుగు సినిమాకి, బి.ఎస్. నారాయణ గారి ‘నిమజ్జనం’కి. మిగతా రెండూ మలయాళానివి. అందులో ఒకటి అదూర్ గోపాలకృష్ణన్ మొదటి సినిమా ‘స్వయంవరం’, 1972. మరుసటి ఏడు కె. విశ్వనాథ్ గారు ఆవిడ పేరే పెట్టి ‘శారద’ తీశారు. ఈ రెండిటినీ ఒకే వారంలో చూడు.

విశ్వనాథ్ గారి సినిమాలో కథంతా ఆవిడ మొహం మీదే నడుస్తుంది. పాటలున్నాయి, మాటలున్నాయి, కన్నీళ్ళున్నాయి. మనం ఎక్కడ ఏడవాలో దర్శకుడికి తెలుసు, మనకీ తెలుసు. అదూర్ మాత్రం మొదట్లోనే ఆవిణ్ణి బస్సులో కూర్చోబెట్టి, నిమిషాల తరబడి ఒక్క మాటా లేకుండా తీసుకుపోతాడు. ఇల్లు వదిలి వచ్చేసిన జంట వాళ్ళు. బస్సు మోత, తోటి ప్రయాణికుల మొహాలు, మధ్యమధ్య ఈవిడ. అది సంతోషమో భయమో మనమే చూసుకోవాలి. చివరికి భర్త పోయి, పసిబిడ్డతో మిగిలిపోయి, మూసిన తలుపు వైపు చూస్తుండగా సినిమా ఆగిపోతుంది. తర్వాత ఏం చేస్తుందో ఆయన చెప్పడు. మీ అమ్మకి ఆ ముగింపు బొత్తిగా నచ్చలేదు, “ఇంతేనా?” అంది. అది సరైన ప్రశ్నే. అదే నటి, ఇంచుమించు అదే వయసు. ఆవిడ చేత ఒకరు ఏమేం చేయించారు, ఇంకొకరు ఏమేం చెయ్యనివ్వలేదు అన్నది పట్టుకుంటే దర్శకుడి పనేమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పైన 1981లో అదూరే తీసిన ‘ఎలిప్పత్తాయం’ చూడు. ఎలుకల బోను అని అర్థం. పాడుబడుతున్న పెద్ద ఇల్లు, తన పని తాను చేసుకోలేని అన్న, వాడికి చాకిరీ చేసి చేసి మంచాన పడే చెల్లెలు రాజమ్మగా మన శారద. 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీనికి సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చింది. డెల్టాలో పొలాలు కరిగిపోయిన పాత లోగిళ్ళు చూసినవాళ్ళకి ఆ ఇల్లేమీ కొత్త కాదు. మన రేపల్లె చుట్టాల్లో ఆ అన్నయ్యలాంటి వాళ్ళు ఎవరెవరో నీకూ తడతారు. పేర్లు ఉత్తరంలో రాయనులే.

విశ్వనాథ్ గారిని కూడా ఇలాగే వరసన చూడాలి. మనవాడే కదా, అన్నీ చూసేశాం అనుకుంటాం. టీవీలో ముక్కలు ముక్కలుగా చూడటం చూడటం కాదు. ఆయనది రేపల్లె తాలూకా పెదపులివర్రు. మద్రాసులో వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం నేర్చుకుని, ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర పనిచేసి, 1965లో ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యాడు. చెవితో మొదలైన మనిషి. ఆయన సినిమాల్లో నిశ్శబ్దం ఎక్కడ వస్తుందో గమనించు. 1980లో ‘శంకరాభరణం’, మరుసటి ఏడే ‘సప్తపది’. మొదటిది ఫ్రాన్సులో బెజాన్‌సోన్ దాకా వెళ్ళి ప్రేక్షకుల బహుమతి తెచ్చుకుంది. నన్నడిగితే రెండోదే పెద్ద సినిమా. ‘శంకరాభరణం’లో సంప్రదాయానికి చేతులెత్తి దణ్ణం పెట్టిన దర్శకుడే, ‘సప్తపది’లో, అందులో ప్రధాన పాత్ర వేసిన సోమయాజులు గారినే మడికట్టుకున్న పెద్దాయనగా కూర్చోబెట్టి, కులం దగ్గర నిలదీశాడు. ఆ నిలదీయడం చివరిదాకా సాగిందా, మధ్యలో దైవత్వం పేరు చెప్పి తప్పించుకున్నాడా అని నాకింకా అనుమానమే. ఒక్క సినిమా చూసినవాడికి ఈ అనుమానం రాదు. రెండూ పక్కపక్కన పెడితేనే వస్తుంది.

ఇక దాటి వెళ్ళే దారి. అదూర్ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఋత్విక్ ఘటక్ పాఠాలు విన్న తరం. కాబట్టి బెంగాల్ వెళ్ళు. ఘటక్ ‘మేఘే ఢకా తారా’, సత్యజిత్ రాయ్ అపు చిత్రాలు మూడూ. తెలుగు రాకుండానే తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీసిన మృణాల్ సేన్‌నీ మరిచిపోకు. వీళ్ళ గురించి నీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గనక నేను ఇక్కడ ఆగను. రాయ్ రాసిన ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’ మీ లైబ్రరీలో లేకపోతే నా కాపీ పంపుతాను. అందులో జపాన్ సినిమా మీద వ్యాసం ఉంది. అది చదివి యసుజిరో ఓజూ దగ్గరికి పో.

ఓజూ దగ్గర మాత్రం నెలల తరబడి ఉండు. ఆయన కథలన్నీ మన ఇళ్ళల్లో జరిగేవే. పెళ్ళీడు కూతురు, పెళ్ళాం పోయిన తండ్రి, సంబంధాలు మోసుకొచ్చే మేనత్త, పట్నంలో ఉద్యోగాల్లో పడి తల్లిదండ్రులకి తీరిక లేని పిల్లలు. ఆయన మాత్రం పెళ్ళి చేసుకోలేదు, తల్లి పోయేదాకా ఆమెతోనే ఉన్నాడు. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి చూపు కంటే కాస్త కిందే ఉంటుంది, దాదాపు కదలదు. 1949లో ‘లేట్ స్ప్రింగ్’లో తండ్రిని వదిలి పెళ్ళికి ఒప్పుకోని కూతురుగా సెత్సుకో హారా వేసింది. 1960లో ‘లేట్ ఆటమ్’లో దాదాపు అదే కథ, తండ్రి బదులు తల్లి. ఆ తల్లి మళ్ళీ సెత్సుకో హారాయే! పదకొండేళ్ళ కిందట పెళ్ళి వద్దని ఏడ్చిన పిల్ల ఇప్పుడు కూతుర్ని పంపించడానికి తంటాలు పడుతోంది. రెండోదాన్ని విడిగా చూస్తే అదొక చక్కని సంసారం సినిమా. మొదటిది చూసి వస్తే గుండె పట్టేస్తుంది. 1953 నాటి ‘టోక్యో స్టోరీ’ గొప్పదని అందరూ చెబుతారు, నిజమే. కానీ దాన్ని ముందు చూడకు, మధ్యలో దాని వంతు రానీ. ఏమీ జరగడం లేదేమిటని మీవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. రెండు మూడు అయ్యేసరికి ఎవరూ లేని గది ఒకటి తెర మీద కనిపించగానే గదంతా సద్దుమణుగుతుంది.

ఓజూకి అంకితమిస్తూ 2003లో ‘ఫైవ్’ అనే సినిమా తీసిన ఇరానీయుడు ఉన్నాడు, అబ్బాస్ కియరోస్తమీ. మీరు మాత్రం 1987 నాటి ‘వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్’తో మొదలెట్టాలి. పొరపాటున తన సంచిలోకి వచ్చిన నోటు పుస్తకం తిరిగిచ్చెయ్యడానికి ఒక పిల్లాడు పక్క ఊరికి పరుగెత్తడం, అంతే కథ. 1990లో ఆ ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఆ సినిమాలో వేసిన పిల్లలు బతికున్నారో లేదో అని దర్శకుడు వెతుక్కుంటూ పోవడమే 1992 నాటి ‘అండ్ లైఫ్ గోస్ ఆన్’. అందులో ఒక చిన్న సన్నివేశం వెనక జరిగిన ప్రేమ గొడవ 1994లో ‘త్రూ ది ఆలివ్ ట్రీస్’. ఒకదాని కడుపులోంచి ఇంకొకటి పుట్టింది. రెండోది చూసేటప్పుడు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మీ తాతయ్య చెప్పినవి గుర్తు తెచ్చుకో. కృష్ణకి అటు దివిసీమ, ఇటు మన రేపల్లె, బాపట్ల తీరం. పోయినవాళ్ళు వేలల్లో. కియరోస్తమీ శవాలు చూపించడు. కూలిన ఇళ్ళ మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి యాంటెనా నిలబెట్టుకుంటున్న మనిషిని చూపిస్తాడు. ఉప్పెన తర్వాత ఇంటి కప్పు మీద మళ్ళీ తాటాకు వేసుకుంటున్న మనిషి మొహాన్ని మనవాళ్ళెవరైనా అలా నిలబడి చూశారా అని నాకు బాధ. మీలో ఎవరైనా ఎప్పుడైనా కెమెరా పడితే ఆ తీరం ఇంకా అక్కడే ఉంది.

చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి, కంగారుపడకు. ఒక మాట పోతే పోయింది, మొహం చూడు. ఫోన్లు ఒక బకెట్‌లో పడేసి తలుపు అవతల పెట్టండి. సమీక్షలు సినిమా ముందు చదవొద్దు. తర్వాత నీకేమనిపించిందో ఒక పేజీ తెలుగులోనే రాసుకో. మన తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు సినిమా మీద రాసిన వ్యాసాలు కూడా చదువు. ఎవరికీ భయపడకుండా, పెద్ద పేర్లకి మొహమాటపడకుండా ఎలా రాయాలో తెలుస్తుంది.

ఇంకొకటి. ప్రతి డిసెంబరులో తిరువనంతపురంలో కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరుగుతుంది. మామూలు జనమే హాళ్ళ ముందు బారులు తీరి ఇరాన్ సినిమాకీ టర్కీ సినిమాకీ కొట్టుకుంటారు. తెనాలి మీదుగా శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. పాస్‌లకి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు ఇచ్చుకోవాలి, విద్యార్థులకి తక్కువ పడుతుంది. నీ పరీక్షల తేదీలు తెలియగానే ఫోన్ చెయ్యి. మీ అమ్మని నేను ఒప్పిస్తాను, బెర్తులు కూడా నేనే చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య