క్యాంపు న్యూస్‌లెటర్ పని మీ మీద పడితే

ఈ ఏడాది కూడా మనవాళ్లు కొందరు ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్తున్నారు. "తెలుగు క్లబ్ వాళ్లేగా, న్యూస్‌లెటర్ మీరే చూసుకోండి" అని ఎవరో ఒకరు అనడం ఖాయం. రెండేళ్ల క్రితం నన్నూ అలాగే అన్నారు. అప్పుడు తెలియక చేసినవి, తర్వాత నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

సైన్యానికి సొంత పత్రిక ఉండటం పాత సంగతే. రక్షణ శాఖ వాళ్ల 'సైనిక్ సమాచార్' 1909 జనవరి 2న ఉర్దూలో 'ఫౌజీ అఖ్బార్' పేరుతో మొదలైంది. ఇప్పటి పేరు 1954లో వచ్చింది. తెలుగుతో కలిపి 13 భాషల్లో వెలువడింది. యూనిట్ న్యూస్‌లెటర్ దాని ముందు చాలా చిన్నది, నాలుగు పేజీలు. కానీ రెండిటికీ పాఠకులు ఒక్కరే: అందులో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు. చదవకూడని వాళ్లు కూడా చదవొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

వార్త అంటే ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని మనకి నేర్పుతారు. మామూలు విలేకరి 'ఎక్కడ' అనేది ఎంత కచ్చితంగా రాస్తే అంత మంచిది. ఇక్కడ 'ఎవరు' దగ్గర అంత కచ్చితం కావాలి, 'ఎక్కడ, ఎప్పుడు' దగ్గర మాత్రం చేయి ఆపుకోవాలి. "వచ్చే మంగళవారం తెల్లవారుజామున 5కి 3 బస్సుల్లో 120 మంది బయల్దేరతారు" అని నేను మొదటి డ్రాఫ్టులో రాశాను. సుబేదార్ గారు చదివి, పెన్నుతో మొత్తం కొట్టేశారు. జరగబోయేది రాయొద్దు, జరిగిపోయింది రాయమన్నారు. "ఫైరింగ్ పోటీలో మన కాలేజీకి మొదటి స్థానం" అంటే సరిపోతుంది. ఎన్‌సీసీకి ఇంత సీను అవసరమా అనకండి. క్యాంపు చాలాసార్లు సైన్యం స్థలంలోనే జరుగుతుంది. ఆ గేటు, ఆ కాపలా మనవి కావు.

హోదాలు జాగ్రత్త. సుబేదార్ మేజర్ వేరు, మేజర్ వేరు. ఒక మాట ఎగిరిపోతే మనిషే మారిపోతాడు. ఉత్తరాది పేర్లు చెవికి వినపడినట్టు రాసేయకుండా, ఆయన చేతే కాగితం మీద రాయించుకోండి.

ఫొటో దగ్గర నేను గట్టిగా దెబ్బ తిన్నాను. మెడల్స్ తీసుకున్న ఇద్దరమ్మాయిల పేర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి పడ్డాయి. ప్రింటయ్యాక ఒకమ్మాయి వచ్చింది. "అన్నా, మా నాన్నకి పంపించేశాను. ఊళ్లో అందరికీ చూపించాడంట. కింద పేరు నాది కాదు" అంది. తర్వాతి సంచికలో సవరణ వేశాం. అది ఆ ఊరిదాకా వెళ్లిందో లేదో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పట్నుంచి క్లిక్కు కొట్టిన వెంటనే, వాళ్లు వరసలో నిలబడి ఉండగానే, ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకుంటున్నాను. గ్రూప్ ఫొటో అయితే వాళ్లే వరసగా పేర్లు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేస్తాను.

ఇక ఇంజనీర్లకి తెలియాల్సిన ముక్క. 4 అంగుళాల వెడల్పున అచ్చుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది. అందుకని డాక్యుమెంట్‌గా పంపమంటాం. అలా పంపితే క్వాలిటీతో పాటు ఫైల్లో దాగిన జీపీఎస్ లొకేషన్ కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. 2007లో ఇరాక్‌లో అమెరికన్ సైనికులు కొత్తగా వచ్చిన అపాచీ హెలికాప్టర్ల ఫొటోలు నెట్‌లో పెట్టారు. అందులోని లొకేషన్ పట్టుకుని శత్రువులు మోర్టార్లు పేల్చి 4 హెలికాప్టర్లు ధ్వంసం చేశారని ఆ సైన్యమే తర్వాత చెప్పింది. కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ముందే ఆపేయండి.

ఇంకో బోల్తా వర్డ్ ఫైల్లో ఉంది. వెనకున్న డ్యూటీ లిస్టు బోర్డు పోవాలని ఫొటోని వర్డ్‌లోనే క్రాప్ చేస్తాం. కనపడదంతే, కత్తిరించిన భాగం ఫైల్లోనే ఉంటుంది. ఎవరైనా వెనక్కి లాగి చూడొచ్చు. బయట కత్తిరించి, సేవ్ చేసి, అప్పుడు అతికించండి.

కత్తిరించడం వరకూ సరే. మార్చడం వద్దు. 2008లో అమెరికా సైన్యం జనరల్ ఆన్ డన్‌వుడీ ఫొటోలో వెనక ఉన్నది తీసేసి జెండా పెట్టి ఇచ్చింది. అది బయటపడ్డాక ఏపీ వార్తాసంస్థ కొన్నాళ్లు రక్షణ శాఖ ఫొటోలే వాడటం ఆపేసింది. మనవాళ్లకి టోపీ వంకరగా ఉంటే ఫొటోషాప్‌లో సరిచేద్దామని సరదా. మళ్లీ తీయండి, రెండు నిమిషాల పని.

అంతా అయ్యాక ఆఫీసర్ చూసి సంతకం పెట్టాలి. ఆయన చూసిన కాపీ, ప్రెస్‌కి వెళ్లే కాపీ ఒకటే అయ్యుండాలి. మధ్యలో "ఒక్క ఫొటో మార్చానంతే" అనేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. ఫైల్ పేరులో తేదీ పెట్టి, ఆ పీడీఎఫ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి.