వేలిముద్ర కలవకపోతే బియ్యం ఆపొచ్చా?

ప్రశ్న: మా అత్తమ్మ చిన్నప్పటి సంది బీడీలు చుడుతది. రేషన్ దుకాణంల వేలు పెడితే మిషన్ తీసుకుంటలేదు. డీలర్ ఒకరోజు ‘సర్వర్ లేదు, రేపు రా’ అంటడు, తెల్లారి పోతే ‘ముద్ర పడతలేదు’ అంటడు. తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. ఏం చేయాలె?
– ఒక పాఠకురాలు, మాచారెడ్డి

జవాబు: డీలర్ చెప్తున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులమ్మా. ముందు వాటిని విడదీయాలి. ఈపాస్ మిషన్‌లో ఎవరి వేలిముద్రలూ దాచి ఉండవు. వేలు పెట్టగానే ఆ ముద్రను రహస్య సంకేతాలుగా మార్చి, నెట్ ద్వారా ఆధార్ సంస్థ డేటాబేస్‌కు పంపుతుంది. అక్కడున్న పాత ముద్రలతో పోల్చి ‘అవును’ లేదా ‘కాదు’ అని జవాబు పంపుతారు. సిగ్నల్ లేక అది అక్కడిదాకా చేరకపోతే అత్తమ్మ ఎన్ని వేళ్లు మార్చినా లాభం లేదు. సిగ్నల్ దొరికే చోటికి మిషన్‌ను జరపడం డీలర్ పని. చేరి ‘కాదు’ అని తిరిగొస్తేనే వేలి సంగతి చూడాలి.

తెర మీద వచ్చే నంబరు అడిగి రాసుకోండి. 300 అంటే ముద్ర కలవలేదు. 330 అంటే బయోమెట్రిక్ లాక్ చేసి ఉంది. 997 అంటే ఆధార్ సస్పెండయింది.

బీడీ కార్మికులకు ఎదురయ్యేది ఎక్కువగా 300. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, వేలి కొసలతో మూతి మడిచీ మడిచీ గీతలు అరిగిపోతాయి. ఎక్కువ అరిగేవి బొటనవేలు, చూపుడువేలు. దుకాణంలో పెట్టమనేవీ అవే! ఉంగరపు వేలు, చిటికెన వేలు, పనికి తక్కువ వాడే చేతి వేళ్లు పెట్టించండి. తంబాకు మరక పోయేలా కడిగి, తుడిచి, వేలిని పరిచినట్టు ఒత్తాలి. మిషన్ అద్దం కూడా తుడవమనండి. అప్పటికీ కాకపోతే కనుపాప స్కాన్ గానీ, ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ గానీ అడగండి. తెలంగాణలో 2021లో కోవిడ్ వేళ ఈ పద్ధతుల్లోనే బియ్యం ఇచ్చారు. వీలు చూసుకుని ఆధార్ సెంటర్‌లో ముద్రలు అప్‌డేట్ చేయించండి.

ఇవేవీ పని చేయకపోయినా బియ్యం ఆపడానికి వీల్లేదు. వేలిముద్ర కలవలేదనో, సిగ్నల్ లేదనో ఎవరికీ రేషన్ నిరాకరించొద్దని, కార్డులు చూసి ఇచ్చి ఆ సంగతి రిజిస్టర్లో రాసుకోవాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబర్ 24న రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది. మనిషికి 6 కిలోల సన్నబియ్యం అత్తమ్మ హక్కు. రెక్కల కష్టంతో అరిగిన వేళ్లను సాకుగా చూపి ఆమెను ఉత్తచేతులతో పంపడం అన్యాయం. మళ్లీ అలా జరిగితే 1967కు ఫోన్ చేయండి. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి.

ప్రశ్న: నా వేలిముద్రను ఎవరైనా దొంగతనంగా వాడుతున్నారని అనుమానం. ఎట్ల తెలుసుకోవాలె?
– ఒక పాఠకుడు, కామారెడ్డి

జవాబు: మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగినై గత 6 నెలల్లో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూడొచ్చు. మీకు తెలియనిది కనిపిస్తే 1947కు ఫిర్యాదు చేసి, బయోమెట్రిక్ లాక్ చేయండి. కానీ రేషన్‌కు వెళ్లే రోజు లాక్ తీయడం మరవొద్దు. లేకుంటే పైన చెప్పిన 330 మీకే వస్తుంది.