సమస్య ఎవరిది?

ఫ్రెండ్స్, మనలో చాలామంది మినీ ప్రాజెక్ట్ రివ్యూలకి, హ్యాకథాన్‌లకి రెడీ అవుతున్నాం. కోడ్ ఎలా రాయాలో చెప్పడానికి బోలెడు వీడియోలు ఉన్నాయి. నేను చెప్పబోయేది అంతకంటే ముందు సంగతి. ఎదురుగా కూర్చున్న వ్యాపారికి "అవును, దీన్ని పరిష్కరించాల్సిందే" అని అనిపించేలా ఎలా చెప్పాలి? ఇది నేను ఒక మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఓడిపోయి నేర్చుకున్నాను.

మల్కాజ్‌గిరిలో మా బాబాయ్‌కి చిన్న మెడికల్ షాపు ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఆయన కోసం ఒక యాప్ చేశాను. మందుల షీట్ ఫోటో తీస్తే చాలు, ఎక్స్‌పైరీ డేట్ చదివి గుర్తుచేస్తుంది. ఒక సాయంత్రం లాప్‌టాప్ తెరిచి పదిహేను స్లైడ్‌లు చూపించాను. డేట్ ఎంత కరెక్ట్‌గా చదువుతుందో, డేటా ఎక్కడ దాస్తుందో, డాష్‌బోర్డ్ ఎంత బాగుందో అన్నీ చెప్పాను. బాబాయ్ మధ్యలో ముగ్గురికి మందులిచ్చి, చివర్లో "మంచిగుంది రా. ముందు నీ చదువు చూసుకో" అన్నాడు. అంతే, అయిపోయింది.

ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను. బాబాయ్‌కి టెక్నాలజీ అర్థం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత రెడ్‌బస్ కథ చదివాక తప్పు నాదేనని తెలిసింది.

2005 దీపావళికి ఫణీంద్ర సామ బెంగళూరులో ఉన్నాడు. బిట్స్ పిలానీలో చదివి, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగు ఇంజనీరు. పండక్కి ఇంటికి రావాలంటే బస్సు టికెట్ దొరకలేదు. అప్పట్లో ఒక్కో ఏజెంటు కొందరు ఆపరేటర్ల టికెట్లే అమ్మేవాడు. సీటు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఈ గోల తీర్చాలని స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి పని మొదలుపెట్టాడు. మొదట వాళ్ళు అనుకున్నది సాఫ్ట్‌వేర్ రాసి బస్సు ఆపరేటర్లకి ఇవ్వాలని. కానీ ఆపరేటర్లు పట్టించుకోలేదు.

ఎందుకు? నాకు తోచింది చెప్తాను. దీపావళికి టికెట్ దొరక్కపోవడం ప్రయాణికుడి సమస్య. ఆపరేటరుకి ఆ రోజు బస్సు నిండిపోయింది, ఆయనకి నిజంగానే పండగ. ఆయన సమస్య మామూలు మంగళవారం రాత్రి ఖాళీగా వెళ్ళే సీట్లది. బస్సు కదిలాక ఆ సీటు విలువ సున్నా. రేపు అమ్ముకుందాం అని దాచిపెట్టుకోలేడు కదా.

తర్వాత ఈ ముగ్గురూ దారి మార్చారు. సాఫ్ట్‌వేర్ కొనమని అడగకుండా, "కొన్ని సీట్లు ఇవ్వండి, మేం అమ్మిపెడతాం" అన్నారు. ఈ మాట ఆపరేటరు లెక్కలో పడుతుంది. ఒప్పుకుంటే పోయేది తక్కువ, అమ్ముడైతే వచ్చేది కళ్ళముందే కనిపిస్తుంది. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది. 2013లో ఐబిబో గ్రూప్ దాన్ని కొనుక్కుంది. 2018లో ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి తొలి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యాడు.

ఇప్పుడు నా స్లైడ్‌లు గుర్తుచేసుకున్నాను. పదిహేనిట్లో ఒక్కదాంట్లో కూడా బాబాయ్ లేడు. అన్నీ నా యాప్ గురించే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఆకలి లేకపోతే అమ్మ పెట్టినా తినబుద్ధి కాదు. నేను ఆకలి సంగతి అడగకుండానే వడ్డించేశాను.

మళ్ళీ షాపుకి వెళ్ళాను, ఈసారి లాప్‌టాప్ లేకుండా. కౌంటర్ కింద ఒక అట్టపెట్టె ఉంటుంది. డేట్ అయిపోయిన మందులన్నీ అందులో పడేస్తారు. స్టాకిస్టుకి టైముకి వాపసు ఇస్తే డబ్బు తర్వాతి బిల్లులో తగ్గిస్తాడు. టైము దాటితే ఆ నష్టం షాపుదే. బాబాయ్‌ని అడిగి, ఆ పెట్టె ముందు కూర్చుని, ఆయన కొన్న రేటుకే లెక్కేశాను. వాపసు టైము దాటిపోయినవే 11,640 రూపాయలు. ఒక కాగితం మీద మందు పేరు, డేటు, రేటు రాసి ఆయన చేతికిచ్చాను. ఏమీ మాట్లాడలేదు.

బాబాయ్ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇన్ని పైసలు పోయినయా?" అన్నాడు. కాసేపాగి ఆయనే అడిగాడు, "నీ యాప్‌ల ఇది ముందే తెలుస్తదా?"

1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక సిద్ధాంతం రాశారు. వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే, అదే వంద పోతే కలిగే బాధ ఎక్కువ అని అందులో ఒక ముఖ్యమైన మాట. "మీకు లాభం వస్తుంది" అన్నది నా మాట. "ఇంత పోయింది" అన్నది ఆయన పెట్టెలోంచి వచ్చిన మాట. అయితే దీన్ని భయపెట్టడానికి వాడకూడదు. లెక్క నిజమైనదై ఉండాలి. ఆ పెట్టెలో నాలుగొందల రూపాయల మందులే ఉండుంటే, బాబాయ్ మొదట అన్నదే కరెక్ట్ అని ఒప్పుకుని నేను వేరే ప్రాజెక్ట్ చూసుకోవాలి.

ఇంకో సంగతి. సమస్య సరిగ్గా తెలిశాక నా పరిష్కారమే మారిపోయింది. స్టాకిస్టు ఇచ్చే బిల్లులోనే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటు ఉంటాయట! ఫోటో తీయాల్సిన పనే లేదు. రెండు నెలలు కష్టపడి రాసిన కోడ్ పక్కన పెట్టేశాను. ఇప్పుడు నెల మొదట్లో, రాబోయే మూడు నెలల్లో డేట్ అయిపోయే మందుల లిస్టు ఒకటి బాబాయ్ ఫోన్‌కి వెళ్తుంది. ఒక్క నెల వాడి చూడమన్నాను. రెండో నెల లిస్టు లేటైతే ఆయనే ఫోన్ చేశాడు.

మీ ప్రెజెంటేషన్‌కి ముందు ఈ వాక్యంలో ఖాళీలు నింపండి: "ఈ సమస్య వల్ల ______ గారికి నెలకి ______ పోతోంది. ప్రస్తుతం ఆయన ______ చేసి నెట్టుకొస్తున్నారు." మొదటి ఖాళీలో మీ పేరే వస్తుంటే, స్లైడ్‌లు ఆపి ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. రెండో ఖాళీ నిండకపోతే, ఆయన పెట్టె ఎక్కడుందో అడగండి. మూడోది మాత్రం అస్సలు వదలకండి. మీకంటే ముందు ఆయన కనిపెట్టుకున్న పరిష్కారం అందులోనే ఉంటుంది.