మనం పీకి పారేసిన వెంపలి

మొన్నటి శ్రమదానంలో కూరగాయల మడి చుట్టూ మొలిచిన వెంపలి మొక్కల్ని పీకి కంచె అవతల పారేశాం. శుభ్రమైందని సంబరపడ్డాం కూడా. సైన్సు సారు చూసి తిట్టలేదు గానీ, "ఎరువు పారేశారర్రా" అన్నారు.

మిగిలిన ఒక మొక్కను గునపంతో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్టు నీళ్ళలో కడిగాం. ఊరికే గుంజితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. సన్నవేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. గోటితో చిదిమితే లోపల గులాబి రంగు! అలా ఉంటే అవి పని చేస్తున్నట్టే. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది చుట్టం.

గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. బుడిపెల్లో కాపురముండే రైజోబియం అనే బాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర ఇస్తుంది. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఈ బాక్టీరియాను బుడిపెల నుంచి వేరుచేసి పెంచాడు.

ఆ నత్రజని ఎక్కువగా వెంపలి ఒంట్లోనే ఉంటుంది. పక్కనున్న వంగమొక్కకు అందాలంటే వెంపలి మట్టిలో కలిసి కుళ్ళాలి. అందుకే రైతులు పూతమీద ఉండగానే కలియదున్నుతారు. మనమేమో కంచె దాటించాం!

దీని పువ్వును దగ్గరగా చూడండి. వెనక పెద్ద రేక, పక్కన రెండు రెక్కలు, మధ్యలో రెండు రేకులు కలిసి దోనెలాగ. చిక్కుడు పువ్వూ అంతే. కానుగ, గురివింద, దూలగొండి ఈ కుటుంబానివే. తంగేడూ ఇందులోదే, కానీ దాని పువ్వు వేరు, వేళ్ళకు బుడిపెలూ రావు.

గురివింద దగ్గర మాత్రం జాగ్రత్త. చిన్న తరగతుల పిల్లలు కంచె మీది గింజలు ఏరి దండలు గుచ్చుతున్నారు. గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. పైపెంకు గట్టిది కాబట్టి ముట్టుకుంటే ఏం కాదు. నమిలినా, సూదితో గుచ్చిన గింజ మింగినా ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు వెంటనే రాకపోవచ్చు, గంటలు పట్టొచ్చు. ఎవరైనా నోట్లో వేసుకుంటే తిడతారని దాచొద్దు. వెంటనే వార్డెన్ గారికి చెప్పండి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇది చదివి చెప్పండి.

బెండమడి చివర నాలుగు వెంపలి మొక్కలు మిగిలాయి. కాయలు ఎండాక విత్తనాలు ఏరతాం. అంతవరకు ఎవరూ పార పట్టుకుని అటు రావద్దు.