న్యూట్రలు పడని మోటారుసైకిలు

మోటారుసైకిలు నేడు పల్లెటూరి కుటుంబమునకు నిత్యావసరమైన వాహనము. వేకువనే పాలను కేంద్రమునకు చేర్చుటకును, ఎరువుల బస్తాను పొలమునకు కొనిపోవుటకును, రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును ఇదియే ఆధారము. ఇట్టి బండి సంత కూడలిలోనో, రైలు గేటు వద్దనో నిలిచినపుడు న్యూట్రలు పడక మొరాయించుట పలువురకు అనుభవములోనున్న విషయమే. పెడలును ఒకవైపు కదిపిన రెండవ గేరు పడును. మరియొకవైపు కదిపిన మొదటి గేరు పడును. నడుమనున్న న్యూట్రలు మాత్రము చిక్కదు. చిరాకుతో పెడలును తన్నువారు కొందరు. గేరుబాక్సు చెడిపోయినదని తలచి, ఇంజను విప్పించి వ్యయమునకు లోనగువారు మరికొందరు. నిజమునకు ఈ చిక్కునకు కారణము తరచుగా గేరుబాక్సునందు గాక క్లచ్చియందుండును. ఈ సంగతి నెరిగినవారు తమ బండిని తామే పరీక్షించుకొనవచ్చును. పెక్కు సందర్భములలో ఒక స్పానరుతోనే పని ముగియును.

న్యూట్రలు అనగానేమి?

ఇంజను బలము క్లచ్చి ద్వారా గేరుబాక్సునకును, అచ్చటినుండి చైను ద్వారా వెనుక చక్రమునకును చేరును. గేరుబాక్సులోని పళ్లచక్రములు జతజతలుగా ఎల్లప్పుడును కలిసియే తిరుగుచుండును. గేరు మార్చుట యనగా ఈ పళ్లను విడదీసి కలుపుట కాదు. ఒక చక్రమును ప్రక్కకు జరిపి, దాని ప్రక్కభాగముననున్న మొద్దు కొమ్ములను పొరుగు చక్రపు గుంటలలో దూర్చుటయే గేరు వేయుట. ఏ కొమ్ములును ఏ గుంటలలోనూ దూరకుండ ఉన్న స్థితియే న్యూట్రలు. అప్పుడు ఇంజను తిరుగుచున్నను చక్రమునకు బలము చేరదు.

పెడలును కదిపినపుడు లోపల ఒక డ్రమ్ము కొంత తిరిగి, ఈ చక్రములను జరుపును. డ్రమ్ము ఎచ్చట ఆగవలెనో అచ్చట గంటులు చేయబడి యుండును. స్ప్రింగుతో నొక్కబడిన చిన్న రోలరు ఆ గంటులో కూర్చుండును. పెక్కు బండ్లలో న్యూట్రలు మొదటి గేరునకును రెండవ గేరునకును నడుమ నుండును. దాని గంటు తక్కిన వానికన్న లోతు తక్కువ. నడచుచున్న బండి మొదటి గేరునుండి రెండవ గేరునకు మారునపుడు నడుమ చిక్కుకొనకుండుటకే ఈ ఏర్పాటు. కావున గట్టిగా తన్నిన పెడలు న్యూట్రలును దాటిపోవును. మునివ్రేళ్లతో సగము కదిపినచో ఆగును.

అన్ని బండ్లలోను గేర్ల వరుస ఒకే తీరున ఉండదు. స్ప్లెండర్ వంటి బండ్లలో న్యూట్రలు ఒక చివర నుండును. గేర్లన్నియు ముందు పెడలును క్రిందికి నొక్కగా వరుసగా పడును, మడమతో వెనుక పెడలును నొక్కగా తగ్గును. వెనుకటి బుల్లెట్ బండ్లలో గేరు పెడలు కుడివైపున ఉండి, న్యూట్రలు కొరకే వేరుగా ఒక చిన్న మీట ఉండెడిది. మొదటి గేరులో తప్ప తక్కిన గేర్లలో మడమతో దానిని నొక్కిన న్యూట్రలు వచ్చెడిది. ఎవరి బండి వరుసను వారు ముందుగా తెలిసికొనుట మంచిది.

అసలు కారణము

బరువు వ్రేలాడుచున్న మోకు ముడిని విప్పుట కష్టము. బరువును కొంచెము ఎత్తి పట్టినచో ముడి తానే వదులగును. గేరు కొమ్ముల సంగతియు నిట్టిదే. ఇంజను లాగుడు వానిపై నున్నంతవరకు అవి గుంటల గోడలకు ఒత్తుకొని కదలవు. ఈ లాగుడును తొలగించుటయే క్లచ్చి పని. లివరు నొక్కినపుడు క్లచ్చి ప్లేట్లు పూర్తిగా విడిపోవలెను. అవి అరకొరగా విడిపోయినచో నిలిచిన బండిలో సైతము కొమ్ములపై ఒత్తిడి మిగిలియుండును. పెడలు రాయివలె బిగియును. న్యూట్రలు చివరనున్న బండ్లలో దానిని దాటిపోవు ప్రసక్తియే లేదు గదా! వానిలోను పెడలు బిగియుట క్లచ్చి లోపమునకు నిదర్శనము.

రెండు పరీక్షలు

మొదటిది: బండి నిలిచి, మొదటి గేరులో నుండి, న్యూట్రలు పడనపుడు ఇంజనును ఆపవలెను. బండిని కొంచెము ముందువెనుకలకు కదుపుచు పెడలును మెల్లగా కదపవలెను. ఇంజను ఆగినపుడు సులువుగాను, నడచుచున్నపుడు కష్టముగాను న్యూట్రలు పడినచో దోషము క్లచ్చిదని గ్రహింపవలెను. ఇంజను ఆగినను పడనిచో పెడలును, దాని కడ్డీలను, ఆ పిమ్మట లోపలి భాగములను పరీక్షింపవలసి యుండును.

రెండవది: బండిని చదునైన నేలపై సెంటరు స్టాండు వేసి, వెనుక చక్రము నేలకు తగులకుండ చూడవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. పంచె చెరగు, చీర కొంగు చైను దరికి రానీయరాదు. ఇంజనును వేడియెక్కనిచ్చి, క్లచ్చి పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయవలెను. ప్లేట్లు నూనెలో మునిగియుండును గనుక చక్రము మెల్లగా తిరుగుట దోషము కాదు. వెనుక బ్రేకును మృదువుగా నొక్కినపుడు చక్రము ఆగి, ఇంజను చప్పుడు మారనిచో క్లచ్చి బాగున్నట్లు. ఇంజను క్రుంగినను, ఆగిపోయినను ప్లేట్లు సరిగా విడుటలేదని తెలియవలెను.

సవరణలు: చౌకనుండి ఖరీదునకు

మొదట చూడవలసినది లివరు ఆట. లివరును నొక్కినపుడు వైరు బిగియుటకు ముందు కొన కొంత దూరము వదులుగా కదలును. అనేకములైన 100 సి.సి. బండ్లలో ఈ ఆట లివరు కొన వద్ద 10 నుండి 20 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. ఇంతకు మించినచో ప్లేట్లు పూర్తిగా విడవు; లివరు వద్దనున్న మరతోను, ఇంజను వద్దనున్న నట్టుతోను సరిచేయవచ్చును. బండితో ఇచ్చిన పుస్తకములో వేరు కొలత ఉన్నచో దానినే పాటింపవలెను. ఆటను బొత్తిగా లేకుండ చేయరాదు. అట్లు చేసిన క్లచ్చి జారి, ప్లేట్లు కాలి, ఎత్తులెక్కుటకు బండి నీరసించును.

రెండవది క్లచ్చి వైరు. కొన వద్ద పోగులు తెగినను, పై గొట్టము మడతపడినను, లోపల తుప్పు పట్టినను లాగుడు ప్లేట్లవరకు చేరదు. అట్టి వైరును మార్చుటయే మేలు. నడిరోడ్డుపై అది తెగినపుడు కలుగు అపాయముతో పోల్చిన దాని ఖరీదు స్వల్పము.

మూడవది ఇంజను స్లో. చల్లని ఉదయమున ఆగిపోకుండుటకై స్లోను పెంచి, అట్లే వదలివేయుట కొందరి అలవాటు. ఇంజను వేగము హెచ్చిన కొలది కొమ్ములపై లాగుడును హెచ్చును. ఇంజను వేడెక్కిన పిమ్మట స్లోను తగ్గించి, నిలుకడగా తిరుగునట్లు సవరింపవలెను.

నాల్గవది ఇంజను ఆయిలు. పెక్కు మోటారుసైకిళ్లలో ఇంజనునకును, క్లచ్చికిని, గేరుబాక్సునకును ఒకే ఆయిలు. అది పాతబడినను, మరీ చిక్కనిదైనను ప్లేట్లు అంటుకొనును. డబ్బాపై జాసో ఎం.ఏ. అను గుర్తు గలదియు, తయారీదారు సూచించిన చిక్కదనము గలదియు వాడవలెను. కారు ఆయిళ్లు కొన్ని క్లచ్చిని జారునట్లు చేయును. కొలకడ్డీపై గీతకు మించి పోయుటయు తగదు. చాలదినములు నిలిపియుంచిన బండిని, ఇంజను వేయకమునుపే రెండవ గేరులో క్లచ్చి నొక్కి ముందువెనుకలకు తోసినచో అంటుకొనిన ప్లేట్లు విడును.

అయిదవది పెడలు. బండి పడినపుడు అది వంగి ఇంజనుకు రాసుకొనుటయు, బిగింపు వదులగుటయు, బురద గడ్డకట్టుటయు కలదు. కడిగి, బిగించి, కీళ్లకు నూనె వేయవలెను.

ఇవియన్నియు సరిగానుండియు చిక్కు తీరనిచో, అప్పుడు మెకానిక్కు చేత క్లచ్చి విప్పించవలెను. వేడికి ప్లేట్లు వంకరపోవుటయు, అవి కూర్చుండు డబ్బా అంచులు గంట్లుపడుటయు సామాన్యము. బరువు వేసికొని, బురదలోను ఎత్తులలోను క్లచ్చిని సగము నొక్కిపట్టి నడుపుటయే దీనికి ముఖ్య కారణము.

చేతిపిడిని త్రిప్పి గేరు మార్చు ఆటోలలో మరియొక విశేషము కలదు. పిడినుండి గేరుబాక్సునకు పోవు వైర్లు సాగినచో, పిడిపై న్యూట్రలు గుర్తు చూపినను లోపల గేరు పడియే యుండవచ్చును. క్లచ్చి వైరుతోపాటు ఈ వైర్లను కూడ సరిచూడవలెను.

నడుపునపుడు పాటింపవలసినవి

న్యూట్రలును బండి నిలువకమునుపే వేయుట సులభము. గేర్లను ఒక్కొక్కటిగా రెండవదానివరకు తగ్గించి, బండి మెల్లగా దొర్లుచుండగనే పెడలును సగము కదపవలెను. నిలిచిన పిమ్మట పడనిచో క్లచ్చి నొక్కియుంచి బండిని ఒక జానెడు ముందువెనుకలకు కదుపుట మంచి ఉపాయము. జనము నడుమ బలవంతపు ప్రయత్నములు వలదు. బ్రేకు పట్టి, ఇంజను ఆపి, న్యూట్రలు వేసికొనవలెను.

పచ్చదీపమును మాత్రమే నమ్మరాదు. దాని స్విచ్చి చెడినచో గేరులోనున్న బండికిని దీపము వెలుగవచ్చును. న్యూట్రలు అనుకొని క్లచ్చిని వదలిన బండి ముందుకు దూకును. ఎదుట పిల్లలున్నచో, కాలువ గట్టు ఉన్నచో ఫలితము చెప్పనక్కరలేదు. కావున దీపము వెలిగినను బండిని కొంచెము ముందుకు తోసి చూచి, చక్రము స్వేచ్ఛగా తిరిగిన పిమ్మటనే ఇంజను వేయవలెను. క్లచ్చిని మెల్లగా వదలవలెను. తాళపుచెవి బండికే వదలి పోరాదు. పిల్లవాడు సెల్ఫు నొక్కుటకు క్షణము చాలును.

పెట్రోలు ఆదాయగునను ఆశతో దిగుడు రోడ్లపై న్యూట్రలులో దొర్లించుట మిగుల ప్రమాదకరము. ఇంజను అదుపు తొలగి, భారమంతయు బ్రేకులపై పడును. ఘాటు రోడ్లపై అవి వేడెక్కి పట్టు కోల్పోవును.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము గేరున్న మోటారుసైకిలును, గేరు లేనిదానిని లైసెన్సు విషయమున వేరు తరగతులుగా పేర్కొన్నది. గేరు బండి నడుపువానికి ప్రత్యేకమైన నేర్పు అవసరమని దీనివలన తెలియుచున్నది. గ్రామములోని అనుభవజ్ఞులైన మెకానిక్కులు యువజన సంఘముల వారికి పైన చెప్పిన రెండు పరీక్షలను ఒకసారి చేసి చూపినచో ఎంతో మేలు కలుగును. నెలకొకసారి లివరు ఆటను, వైరు కొనను, ఆయిలు మట్టమును చూచుకొనుటకు పది నిమిషములు చాలునని మా విన్నపము.