వేగం ఒక్కటే చాలదు: చిన్న యుద్ధనౌకల లెక్కలు

డిసెంబర్ 4 నేవీ డే అని విశాఖ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తేదీ వెనక మూడు చిన్న బోట్లున్నాయి. 1971లో ఆ రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. పాకిస్తాన్ డెస్ట్రాయర్ ఖైబర్‌ని, మైన్‌స్వీపర్ ముహాఫిజ్‌ని ముంచేశాయి. మన బోట్లన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. ఒక్కో బోటు బరువు 200 టన్నుల పైచిలుకు, అంతే. ఖైబర్ దానికి పది రెట్లు పైనే.

ఇది వినగానే మనలో చాలామందికి ఒకటే డౌటు వస్తుంది. మరి అన్నీ ఇలాంటివే కట్టేస్తే పోలా? వేల కోట్లు పోసి పెద్ద ఓడలు ఎందుకు? జవాబు కోసం నేవీలో చేరక్కర్లేదు, మనం చదివే ఫిజిక్స్ చాలు.

మొదటి లెక్క: ఇంధనం

మామూలు ఓడకి కావలసిన పవర్ సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ప్రయాణ సమయం సగమైనా, అదే దూరానికి ఇంధనం నాలుగు రెట్లు ఖర్చవుతుంది. నీటి మీద తేలికగా జారే బోట్లకి ఈ లెక్క కొంత మారుతుంది కానీ, వేగానికి మూల్యం మాత్రం తప్పదు. 1971 నాటి మన బోట్లలో మూడేసి డీజిల్ ఇంజన్లు, మొత్తం సుమారు 12,000 హార్స్‌పవర్. అంత ఇంజన్ పెట్టాక ఇంధనానికి, మనుషులకి, తిండికి, విమానాల్ని కూల్చే ఆయుధాలకి చోటెక్కడిది? పైగా సముద్రం కాస్త పొంగితే చిన్న బోటు ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు వేగం తగ్గించాల్సిందే.

రెండో లెక్క: చూపు

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రాడార్ చూపుకి హద్దుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే ఆ హద్దు కిలోమీటర్లలో వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకి 13 కిలోమీటర్లు. ఎదుటి ఓడ కూడా 20 మీటర్ల ఎత్తుంటే ఇంకో 18 కలపండి, మొత్తం 31. కానీ ఆ బోట్ల మిసైల్ దాదాపు 40 కిలోమీటర్లు పోగలదు. అంటే చెయ్యి పొడుగు, చూపు పొట్టి. అదే 300 మీటర్ల ఎత్తులో ఎగిరే హెలికాప్టర్‌కి 71 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది.

ఈ తేడా ఎంత ప్రాణాంతకమో 1991 గల్ఫ్ యుద్ధంలో తేలింది. బుబియాన్ దీవి దగ్గర, ఇరాన్ వైపు పారిపోతున్న ఇరాక్ మిసైల్ బోట్లని, ఇతర చిన్న నౌకల్ని బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్లు సీ స్కువా మిసైళ్ళతో వెతికి వెతికి కొట్టాయి. మిగతా విమానాలూ తోడయ్యాయి. బోటెంత వేగంగా పోయినా హెలికాప్టర్ని మించి పోలేదు కదా.

మరి కరాచీలో ఎలా కుదిరింది?

అక్కడ బోట్లు ఒంటరిగా వెళ్ళలేదు. కిల్తాన్, కచ్చల్ అనే పెద్ద నౌకలు తోడున్నాయి. ఇంధనం కోసం పోషక్ అనే ట్యాంకర్ ఉంది. పాకిస్తాన్ విమానాలు రాత్రిపూట సముద్రం మీద దాడి చేయలేవని తెలిసే చీకట్లో వెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత రెండో దాడిలో వినాశ్ అనే ఒక్క బోటే మిసైళ్ళు పేల్చింది, కానీ త్రిశూల్, తల్వార్ ఫ్రిగేట్లు పక్కనే ఉన్నాయి. బాణం గురి తప్పలేదు నిజమే, విల్లు పట్టుకున్నవాళ్ళని కూడా లెక్కలో వేసుకోవాలి.

అన్నీ ఒకదానిలోనే కావాలంటే?

అమెరికా ఈ ప్రయత్నం చేసింది. లిటొరల్ కాంబాట్ షిప్ అని సుమారు 3,000 టన్నుల నౌక, వేగం 40 నాట్లు. పరికరాలు మార్చుకుంటూ మైన్లు ఏరడం, సబ్‌మెరైన్లు వేటాడటం, బోట్లతో పోరాడటం అన్నీ చేయాలని ప్లాన్. ఫ్రీడమ్ రకం నౌకల్లో డీజిల్‌నీ గ్యాస్ టర్బైన్‌నీ కలిపే గేరే తలనొప్పి అయింది. మిల్వాకీ అనే నౌక 2015లో సేవలో చేరిన కొద్ది వారాలకే దారిలో ఆగిపోతే లాక్కుపోవాల్సి వచ్చింది. సబ్‌మెరైన్ వేట పరికరాల ప్లాన్ రద్దయింది. 2018లో చేరిన సూ సిటీని 2023లోనే, ఐదేళ్ళు నిండకుండా పక్కన పెట్టేశారు.

ఏ పనికి సరిపోతాయి?

తీరం దాటి దూరం పోకుండా, మన విమానాల నీడలో, ఒక్క పని అప్పగిస్తే ఇవి బంగారం. నార్వే దగ్గర 60 నాట్ల షోల్డ్ రకం బోట్లున్నాయి. కొండల మధ్య సన్నటి సముద్రపాయల్లో దాక్కుని, దెబ్బకొట్టి మళ్ళీ దాక్కోవడం వాటి పని. గస్తీ, దీవుల కాపలా, మైన్లు ఏరడం కూడా చిన్న నౌకలు చక్కగా చేస్తాయి.

మన దగ్గర మంచి ఉదాహరణ ఐఎన్ఎస్ అర్నాలా. 2025 జూన్ 18న విశాఖలోనే సేవలో చేరింది. పొడవు 77 మీటర్లు, బరువు సుమారు 1,490 టన్నులు, వాటర్‌జెట్లతో నడుస్తుంది. దీని పని లోతు తక్కువ నీళ్ళలో సబ్‌మెరైన్ల వేట. అలాంటి చోట శబ్దం అడుగు నుంచీ పైనుంచీ తిరిగి కొట్టి సోనార్‌ని గందరగోళం చేస్తుంది. 1971 డిసెంబర్‌లో పాక్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది విశాఖ తీరానికి దగ్గరే కాబట్టి, ఈ పని ఎంత అవసరమో ఈ ఊరికి తెలుసు. దీని వేగం 25 నాట్లే. ఈ పనికి 40 అక్కర్లేదు గనక ఎవరూ అడగలేదు.

ఇకపై ఏ కొత్త నౌక గురించి చదివినా టాప్ స్పీడ్ దగ్గరే ఆగకండి. ఎంత దూరం పోగలదు, ఎవరి కళ్ళతో చూస్తుంది, పై నుంచి విమానం వస్తే ఎవరు కాపాడతారు? ఈ మూడూ అడగండి. అందులో కూర్చునే పాతిక ముప్ఫై మంది ప్రాణాలు ఆ జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.