వంటగది మార్పించే ముందు

వంటగది మార్పిద్దామనుకోగానే చాలామంది ముందుగా అలమరాల రంగులు ఎంచుకుంటారు. పైపులు, వైర్ల సంగతి ఆఖరున డబ్బు మిగిలితే చూస్తారు. నా మట్టుకు ఇది తిరగేసి చేయాలి. అలమర తలుపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. టైల్స్ వెనక కారే పైపు మార్చాలంటే మాత్రం గోడ పగలగొట్టాల్సిందే.

1. రోజూ వంట చేసేవాళ్లనే ముందు అడగండి. గ్రైండరు ఎక్కణ్ణుంచి మోసుకొస్తున్నారు, బియ్యం డబ్బా కోసం ఎంత వంగుతున్నారు, కూరలు తరగడానికి చోటు చాలుతోందా? ఒక వారం గమనించి కాగితం మీద రాసుకోండి. మేస్త్రీకి మొదట చూపించాల్సింది ఆ కాగితమే.

2. వంటగట్టు మామూలుగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు కడతారు. మేస్త్రీ అలవాటుకు కాకుండా వండే మనిషి ఎత్తుకు కట్టించండి. నిలబడి చెయ్యి మడిస్తే, గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉండాలి. గట్టు మీద పొయ్యి, దానిమీద కుక్కరు పెడితే ఎత్తు ఇంకా పెరుగుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు పొయ్యి దగ్గర గట్టును రెండంగుళాలు తగ్గిస్తే భుజాల నొప్పి ఉండదు.

3. పాత ఇళ్లలో ఇనప పైపులు లోపల తుప్పు పట్టి ఉంటాయి. గోడ ఎటూ తవ్వుతున్నారు కాబట్టి సీపీవీసీ పైపులు వేయించేయండి. టైల్స్ అంటించకముందే పైపుల్లో ప్రెషర్ పెట్టించి, గేజి ముల్లు దిగుతుందేమో చూడమనండి. దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ తర్వాత, గోడ మూయకముందు, టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి. రేపు మేకు కొట్టాలన్నా, డ్రిల్లు వేయాలన్నా పైపు ఎక్కడుందో ఆ ఫోటోలే చెబుతాయి. అపార్ట్‌మెంటులో ఉంటే నేలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఇంటివాళ్ల సీలింగు తడిసిందేమో వాళ్లనే అడగండి.

4. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దానికి చాలదు. ఓవెనుకు, ఇండక్షనుకు 16 ఆంపియర్ల ప్లగ్గులు విడివిడిగా పెట్టించండి. మిక్సీ, ఫ్రిజ్, నీళ్ల ఫిల్టరు లెక్క కూడా ముందే వేసుకోండి. సింకు పక్కన, పొయ్యి పైన స్విచ్‌బోర్డు వద్దు.

5. గట్టుకు గ్రానైటే మేలు. తెల్ల మార్బుల్ చూడ్డానికి బాగుంటుంది కానీ నిమ్మరసం, చింతపండు పులుసు దాని పాలిష్‌ను తినేస్తాయి, పసుపు మరక వదలదు. ఈ మూడూ లేని వంట మన ఇళ్లలో ఏది? నల్లరాయి ఇష్టమైతే చీమకుర్తి గెలాక్సీ ఉంది. గట్టు కింద అరలకు కడప బండ చాలు, ఖర్చూ తక్కువ, చెదల భయమూ ఉండదు. గట్టు ముందంచు అడుగున సన్నటి గాడి కొట్టించండి. కారిన నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి, తలుపుల మీదికి పాకవు.

6. అలమరాలకు ప్లైవుడ్ మీద, తడిని తట్టుకునే రకానికి వేసే ఐఎస్ 710 ముద్ర చూడండి. సింకు కింద పార్టికల్ బోర్డు పెడితే తడికి ఉబ్బిపోతుంది. కొటేషన్‌లో చదరపు అడుగు లెక్క ఎలా వేశారో, కీళ్లు, చానెళ్లు ఏ కంపెనీవో రాతపూర్వకంగా తీసుకోండి.

7. చిమ్నీ పొగ గొట్టం బయటికి వెళ్లేలా, వంపులు తక్కువగా ఉండాలి. గొట్టం లేని రకం ఎండుమిరపకాయల తాళింపు వేసినప్పుడు గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది. చిమ్నీ ఉంది కదా అని కిటికీ మూయించకండి.

8. ఆవకాయ పెట్టే రోజుల్లో, ఇంట్లో పెళ్లి దగ్గరపడ్డప్పుడు పని మొదలుపెట్టొద్దు. సిమెంటు పనికి వారం రోజులు నీళ్లు కొట్టి తడపాలి, తొందరపెడితే పగుళ్లిస్తుంది. ఒప్పుకున్న మొత్తానికి పైన పదిహేను శాతం పక్కన పెట్టుకోండి. డబ్బు పని జరిగిన మేరకే ఇవ్వండి.

9. చివరిది గ్యాస్, అన్నిటికన్నా ముఖ్యం. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. అందుకే సిలిండరు అర తలుపుకు అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. పొయ్యి ఎప్పుడూ సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి. సురక్షా ట్యూబు గడువు ఐదేళ్లు, తేదీ దానిమీదే ఉంటుంది. గడువు దాటిన ట్యూబుతో కొత్త వంటింట్లో పొయ్యి వెలిగించకండి.